ప్రమేయాలు, రేఖాచిత్రాలు : హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మెట్ట సేద్యంలో వాటి ప్రాథమిక వినియోగం

సారాంశం

గణితశాస్త్రంలో ప్రమేయం ఒక రాశికి, మరొక రాశికి మధ్య గల నియతమైన సంబంధాన్ని తెలుపుతుంది. వ్యవసాయ విస్తరణలో రైతుకు ఇచ్చే ప్రతి సిఫారసు వెనుక ఇటువంటి ప్రమేయం ఒకటి దాగి ఉంటుంది. సూత్రం ఒక్కటే ప్రమేయం కాదు. అది చెల్లే ప్రదేశం, దాని రేఖాచిత్రపు ఆకృతి కూడా ప్రమేయంలో భాగమే. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల మెట్ట సేద్యాన్ని ఉదాహరణగా తీసికొని సరళ, ఖండశ, వర్గ, ఘన, ఘాతీయ ప్రమేయాలను, సంయుక్త, విలోమ ప్రమేయాల భావనలను ఈ వ్యాసంలో వివరించడమైనది. రేఖాచిత్రం సరళరేఖ కానప్పుడు సగటు విలువలపై ఆధారపడి ఇచ్చే సలహా ఏ విధంగా తప్పుదారి పట్టిస్తుందో లెక్కలతో చూపడమైనది.

కీలక పదాలు : ప్రమేయం, ప్రదేశం, వ్యాప్తి, రేఖాచిత్రం, ఉపరితల ప్రవాహం, పంట కుంట, సగటు.

ఉపోద్ఘాతం

పూర్వపు అనంతపురం జిల్లా నుండి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ముఖ్య పట్టణాలు. ఈ మూడింటి చుట్టూ విస్తరించిన పల్లెలలో అధిక భాగం ఎర్ర నేలలు. చాలాచోట్ల నేల లోతు తక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఖరీఫ్‌లో వర్షాధార వేరుశనగ, హిందూపురం వైపు రాగి, మల్బరీ, బోరుబావుల కింద కూరగాయలు ఇక్కడి ప్రధాన పంటలు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కురిసే వర్షాలపైనే కుంటలు, చెరువులు నిండడం ఆధారపడి ఉంటుంది.

ఇటువంటి ప్రాంతంలో విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే ప్రశ్నలన్నీ ఒకే రూపంలో ఉంటాయి. ఇంత వాన పడితే కుంటలోకి ఎంత నీరు వస్తుంది? ఇంత నీరు ఉంటే ఎన్ని ఎకరాలకు ఒక తడి ఇవ్వవచ్చు? ఇంత ఎరువు వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుంది? ‘ఇంతకు ఎంత’ అనే ఈ ప్రశ్నకు గణితశాస్త్రం ఇచ్చిన పేరే ప్రమేయం. ఇంటర్మీడియట్ గణితంలో విద్యార్థులు ఈ పాఠాన్ని చదివే ఉంటారు. అయితే పాఠ్యపుస్తకంలోని సమితులకు, పొలంలోని కుంటకు గల సంబంధం చాలామందికి స్ఫురించదు. ఆ సంబంధాన్ని మొదటి నుండి, క్రమపద్ధతిలో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమేయం – నిర్వచనం

రెండు సమితులను తీసికొందాం. మొదటి సమితిలోని ప్రతి మూలకానికి రెండవ సమితిలో ఒకే ఒక మూలకాన్ని జతపరచే నియమాన్ని ప్రమేయం అంటారు. మొదటి సమితి ప్రదేశం. రెండవది సహప్రదేశం. రెండవ సమితిలో నిజంగా జతకు వచ్చిన మూలకాల సమితి వ్యాప్తి. మనం ఎంచుకొనే రాశి స్వతంత్ర చరరాశి. దానిని బట్టి నిర్ణయమయ్యే రాశి పరతంత్ర చరరాశి.

ఈ నియమాన్ని సూత్రంగానే రాయవలసిన అవసరం లేదు. పట్టికగా, రేఖాచిత్రంగా, మాటలలో కూడా ఇవ్వవచ్చు. 1837లో జర్మన్ గణితవేత్త డిరిక్లే ఈ విశాల దృష్టితోనే ప్రమేయాన్ని వివరించాడు. వర్షమాపక కేంద్రంలోని దినవారీ పుస్తకం అటువంటి పట్టికే. తేదీ స్వతంత్ర చరరాశి, ఆ రోజు నమోదైన వర్షం పరతంత్ర చరరాశి. ఒక కేంద్రంలో ఒక తేదీకి ఒకే విలువ ఉంటుంది కనుక అది ప్రమేయం. దానికి సూత్రం లేకపోవడం లోపం కాదు.

నిర్వచనంలోని ‘ఒకే ఒక’ అనే మాట చాలా ముఖ్యమైనది. రేఖాచిత్రంపై ఎక్కడ నిలువు గీత గీసినా అది వక్రాన్ని ఒకటి కంటె ఎక్కువ బిందువుల వద్ద ఖండించకూడదు. దీనిని నిలువు గీత పరీక్ష అంటారు. వార్షిక వర్షపాతాన్ని క్షితిజ అక్షంపై, వేరుశనగ దిగుబడిని నిలువు అక్షంపై గుర్తిస్తే ఈ పరీక్షలో ఓడిపోయే అవకాశం ఉంటుంది. ఎందుకంటే దాదాపు ఒకే వర్షపాతం గల రెండు సంవత్సరాలలో దిగుబడులు వేర్వేరుగా ఉండవచ్చు. ఒక సంవత్సరం ఊడలు దిగే దశలో వాన కురిసి ఉంటుంది. మరొక సంవత్సరం అదే దశలో బెట్ట ఏర్పడి, కోత సమయంలో వాన పడి ఉంటుంది. కాబట్టి దిగుబడి మొత్తం వర్షపాతానికి మాత్రమే ప్రమేయం కాదు. వాన పడిన సమయం, నేల లోతు, రకం, విత్తిన తేదీ మొదలైన అనేక చరరాశులకు అది ప్రమేయం. ‘ఇంత వాన, ఇంత దిగుబడి’ అని ఒకే గీత గీయడానికి ముందు ఈ పరీక్ష చేసికోవడం అవసరం.

సరళ ప్రమేయం

స్వతంత్ర చరరాశిలో సమానమైన మార్పుకు పరతంత్ర చరరాశిలో ఎల్లప్పుడూ సమానమైన మార్పు వస్తే ఆ ప్రమేయం సరళ ప్రమేయం. దాని రేఖాచిత్రం సరళరేఖ. ఆ రేఖకు వాలు, అంతరఖండం అనే రెండు లక్షణాలు ఉంటాయి.

ఒక హెక్టారుపై 1 మి.మీ. లోతు నీరు నిలిస్తే దాని ఘనపరిమాణం 10 ఘనపు మీటర్లు. అందువల్ల,

నీటి పరిమాణం (ఘ.మీ.) = 10 × లోతు (మి.మీ.) × విస్తీర్ణం (హెక్టార్లు)

విస్తీర్ణాన్ని ఒక హెక్టారుగా స్థిరపరిస్తే ఇది మూలబిందువు గుండా పోయే సరళరేఖ. దాని వాలు 10. ఎకరాకు లెక్కిస్తే వాలు సుమారు 4.05. వాలుకు ప్రమాణాలు ఉంటాయన్న విషయాన్ని విద్యార్థులు తరచు మరచిపోతారు. ఇక్కడ వాలు ప్రమాణం ‘మిల్లీమీటరుకు ఘనపు మీటర్లు’. ప్రమాణాలు రాయని వాలుకు అర్థం లేదు.

మూలబిందువు గుండా పోని సరళరేఖకు ఉదాహరణగా అద్దె ట్రాక్టరు ఖర్చును చెప్పవచ్చు. పొలానికి వచ్చినందుకు ఒక స్థిర మొత్తం, ఆపై గంటకు ఇంత అని ధర ఉంటే స్థిర మొత్తం అంతరఖండం, గంట ధర వాలు అవుతాయి. చిన్న కమతం గల రైతుకు ఎకరాకు ఖర్చు ఎందుకు ఎక్కువ పడుతుందో ఈ అంతరఖండమే వివరిస్తుంది.

సరళ ప్రమేయానికి ఒక విశిష్ట లక్షణం కలదు. ఏ రెండు విలువలను తీసికొన్నా, వాటి సగటు వద్ద ప్రమేయం విలువ, ఆ రెండింటి వద్ద ప్రమేయం విలువల సగటుకు సమానం. అంటే సరళరేఖపై సగటులతో నిశ్చింతగా లెక్క కట్టవచ్చు. రేఖ వంగిన వెంటనే ఈ సౌకర్యం పోతుంది. పొలంలో ఎదురయ్యే ముఖ్యమైన ప్రమేయాలలో చాలా భాగం వంగినవే.

ఖండశ ప్రమేయం – వాన, ఉపరితల ప్రవాహం

నేలపై పడిన వాన అంతా పారదు. మొదట ఆకులు, నేల పగుళ్ళు, గుంటలు తడుస్తాయి. నేల ఇంకించుకోగా మిగిలినదే వంకలోకి, కుంటలోకి చేరుతుంది. ఈ సంబంధాన్ని అంచనా వేయడానికి అమెరికా మృత్తికా సంరక్షణ సంస్థ రూపొందించిన కర్వ్ నంబర్ పద్ధతిని మన దేశంలో కూడా విస్తృతంగా వాడుతున్నారు. ఒక రోజు వర్షాన్ని ‘వ’ అని, ఉపరితల ప్రవాహాన్ని ‘ఉ’ అని, నేల గరిష్ఠంగా పట్టి ఉంచగల నీటిని ‘ని’ అని అనుకొందాం. అన్నీ మిల్లీమీటర్లలోనే.

వ, 0.2 ని కంటె ఎక్కువ కానప్పుడు : ఉ = 0

వ, 0.2 ని కంటె ఎక్కువైనప్పుడు : ఉ = (వ − 0.2 ని)² ÷ (వ + 0.8 ని)

ఇందులో ని = (25400 ÷ కర్వ్ నంబర్) − 254. నేల రకం, పైరు, భూయాజమాన్యం, అప్పటికే ఉన్న తేమలను బట్టి కర్వ్ నంబర్ మారుతుంది. 0.2 అనే గుణకం మూల పద్ధతిలోనిది. స్థానిక కొలతలతో సరిచూచి దానిని కూడా మార్చుకోవచ్చు.

ప్రదేశాన్ని ఖండాలుగా విభజించి ఒక్కొక్క ఖండానికి ఒక్కొక్క నియమం ఇచ్చే ఇటువంటి ప్రమేయాన్ని ఖండశ ప్రమేయం అంటారు. 2.5 మి.మీ. లేదా అంతకు మించి వాన పడిన రోజునే వర్షపు రోజుగా లెక్కించే భారత వాతావరణ శాఖ నియమం కూడా ఖండశ ప్రమేయమే. దాని విలువలు రెండే : 0, 1.

ఉదాహరణకు కర్వ్ నంబర్ 80 అనుకొంటే ‘ని’ విలువ 63.5 మి.మీ. ప్రవాహం మొదలయ్యే హద్దు 12.7 మి.మీ. ఒక హెక్టారు పరీవాహక ప్రాంతం నుండి వచ్చే నీరు ఈ విధంగా ఉంటుంది.

వర్షం 10 మి.మీ. : ప్రవాహం 0 : నీరు లేదు
వర్షం 25 మి.మీ. : ప్రవాహం 2.0 మి.మీ. : 20 ఘ.మీ.
వర్షం 50 మి.మీ. : ప్రవాహం 13.8 మి.మీ. : 138 ఘ.మీ.
వర్షం 75 మి.మీ. : ప్రవాహం 30.9 మి.మీ. : 309 ఘ.మీ.
వర్షం 100 మి.మీ. : ప్రవాహం 50.5 మి.మీ. : 505 ఘ.మీ.

రేఖాచిత్రం గీస్తే 12.7 వరకు అది క్షితిజ అక్షాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. ఆ తరువాత మెల్లగా లేచి, క్రమంగా నిటారు అవుతుంది. వాన 25 నుండి 50 మి.మీ.లకు రెట్టింపు అయితే ప్రవాహం దాదాపు ఏడు రెట్లు అయింది. 25 మి.మీ. వానలో పారినది 8 శాతం మాత్రమే. 100 మి.మీ. వానలో సగం పారింది. ‘కురిసిన వానలో ఇంత శాతం కుంటకు చేరుతుంది’ అని ఒకే శాతాన్ని చెప్పడం అంటే ఈ వక్రాన్ని సరళరేఖగా భావించడమే.

సగటు ఎక్కడ తప్పుతుంది?

ఒక నెలలో 75 మి.మీ. వాన పడిందని, వానకు వానకు మధ్య నేల మళ్ళీ మొదటి స్థితికి వచ్చిందని అనుకొందాం. మూడు వానలు 25 మి.మీ. చొప్పున పడితే ఒక హెక్టారు నుండి మొత్తం 60 ఘ.మీ. నీరు పారుతుంది. అదే 75 మి.మీ. ఒకే రోజున పడితే 309 ఘ.మీ. పారుతుంది. నెలసరి వర్షపాతం రెండు సందర్భాలలోనూ ఒకటే. కుంటలోకి చేరిన నీరు మాత్రం అయిదు రెట్లు తేడా.

వక్రం పైకి వంగి ఉన్నప్పుడు దానిపై ఏ రెండు బిందువులను కలిపినా ఆ గీత వక్రానికి పైన ఉంటుంది. అందువల్ల సగటు వర్షం వద్ద లెక్కించిన ప్రవాహం, వాస్తవ ప్రవాహాల సగటు కంటె తక్కువగా తేలుతుంది. మూడు రోజులలో 0, 0, 75 మి.మీ. పడితే సగటు 25. సగటు వర్షంతో లెక్కిస్తే రోజుకు 2.0 మి.మీ. ప్రవాహం వస్తుంది. వాస్తవ సగటు 10.3 మి.మీ. వార్షిక సగటు 550 మి.మీ. అన్న అంకె మీద ఆధారపడి కుంట పరిమాణాన్ని నిర్ణయించడం ఇందువల్లనే ప్రమాదకరం. కుంటకు కావలసినది దినవారీ వర్షపు పట్టిక. ధర్మవరం కేంద్రానిది ధర్మవరానికి, పెనుకొండ కేంద్రానిది పెనుకొండకు వాడవలసి ఉంటుంది. జిల్లా సగటుతో సరిపెట్టడం మంచిది కాదు.

రేఖాచిత్రాన్ని జరపడం – భూసంరక్షణ ప్రభావం

ప్రమేయంలోని స్థిరరాశిని మారిస్తే రేఖాచిత్రం జరుగుతుంది, సాగుతుంది లేదా కుంచించుకొంటుంది. పరీవాహక ప్రాంతాన్ని ఒక హెక్టారు నుండి రెండు హెక్టార్లకు పెంచితే ప్రతి బిందువు ఎత్తు రెట్టింపు అవుతుంది. ఇది నిలువుగా సాగడం. హద్దు మాత్రం 12.7 వద్దనే ఉంటుంది.

వాలుకు అడ్డంగా దున్ని, కట్టలు వేసి, సాళ్ళ మధ్య నీటిని నిలిపితే నేల పట్టే నీరు పెరుగుతుంది. కర్వ్ నంబర్ 80 నుండి 70కి తగ్గిందని అనుకొంటే ‘ని’ 108.9 మి.మీ. అవుతుంది. హద్దు 21.8 మి.మీ.కు చేరుతుంది. రేఖాచిత్రం కుడివైపుకు జరగడమే కాక, దాని ఏటవాలు కూడా తగ్గుతుంది. ఇప్పుడు 50 మి.మీ. వానకు హెక్టారు నుండి పారేది 58 ఘ.మీ. మాత్రమే. లోగడ అది 138 ఘ.మీ.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడడం విస్తరణ శాస్త్రవేత్తకు అవసరం. పైపొలంలో నీటిని ఇంకింపజేయమని, దిగువన కుంట తవ్వుకొమ్మని రెండు సలహాలనూ విడివిడిగా ఇస్తే కుంట నిండకపోవచ్చు. ఇంకిన నీరు వృథా కాలేదు. అది పైరు వేళ్ళ వద్దనే ఉన్నది. కాని పాత కర్వ్ నంబర్‌తో నిర్ణయించిన పెద్ద కుంటకు రైతు పెట్టిన పెట్టుబడి వృథా కావచ్చు. రెండు సలహాలూ ఒకే ప్రమేయంలోని భాగాలని గుర్తిస్తే ముందుగా సంరక్షణ పనులను నిర్ణయించి, ఆ తరువాత కుంట కొలతలను నిర్ణయించడం సాధ్యమవుతుంది.

ఘన ప్రమేయం, విలోమ ప్రమేయం – కుంటలో నీటి లోతు

అడుగున 4 మీ. × 4 మీ., పైన 10 మీ. × 10 మీ., లోతు 3 మీ. గల కుంటను తీసికొందాం. పక్కల వాలు 1 : 1. నీటి లోతు ‘లో’ మీటర్లు ఉన్నప్పుడు నీటి ఉపరితలం భుజం (4 + 2 లో) మీటర్లు. అప్పటి నీటి పరిమాణం,

పరిమాణం = [(4 + 2 లో)³ − 64] ÷ 6 ఘ.మీ.

ఇది ఘన ప్రమేయం. దాని ప్రదేశం 0 నుండి 3 వరకు మాత్రమే. సూత్రంలో 5 ప్రతిక్షేపించినా ఒక విలువ వస్తుంది, కాని కుంటలో 5 మీటర్ల నీరు ఉండదు. నిండు కుంటలో 156 ఘ.మీ. నీరు ఉంటుంది. లోతు సగానికి, అంటే 1.5 మీటర్లకు తగ్గినప్పుడు ఉండేది 46.5 ఘ.మీ. మాత్రమే. కంటికి సగం కుంటగా కనిపించేది నిజానికి మూడవ వంతు కూడా కాదు. సగం ఉన్నదనుకొని తడికి ఎకరాలు లెక్క వేసికొన్న రైతుకు నీరు మధ్యలోనే అయిపోతుంది.

లోతు పెరిగే కొలదీ పరిమాణం పెరుగుతూనే ఉంటుంది. రెండు వేర్వేరు లోతులకు ఒకే పరిమాణం రాదు. ఇటువంటి ప్రమేయం అన్వేకం. దానికి వ్యాప్తిపై విలోమ ప్రమేయం ఉంటుంది. పరిమాణం తెలిస్తే లోతును,

లో = [ఘనమూలం (6 × పరిమాణం + 64) − 4] ÷ 2

అని తిరిగి పొందవచ్చు. విలోమ ప్రమేయపు రేఖాచిత్రం, రెండు అక్షాలనూ తారుమారు చేసినపుడు వచ్చేదే. ఖాళీ కుంటలోకి 20 ఘ.మీ. చొప్పున మూడు మార్లు నీరు చేరితే లోతు వరుసగా 0.84, 1.36, 1.76 మీటర్లు అవుతుంది. ప్రతిసారీ చేరిన నీరు సమానమే అయినా లోతులో పెరుగుదల 0.84, 0.52, 0.40గా తగ్గుతూ వచ్చింది.

ఆచరణలో దీనికి చక్కని ప్రయోజనం ఉన్నది. కుంట గట్టున ఒక కొలత కర్రను నిలిపి, దానిపై లోతుకు బదులు ఘనపు మీటర్లను, ఇంకా మేలుగా ‘ఇన్ని ఎకరాల తడి’ అని గుర్తులు పెట్టవచ్చు. ఎకరానికి 10 మి.మీ. తడికి సుమారు 40.5 ఘ.మీ. కావాలి. కాబట్టి మొదటి ఎకరం గుర్తు దాదాపు 1.37 మీటర్ల వద్ద వస్తుంది. ఆపై గుర్తులు క్రమంగా దగ్గరవుతాయి. రైతు సూత్రం నేర్చుకోనవసరం లేదు. కర్రే ప్రమేయాన్ని చదివి పెడుతుంది.

సంయుక్త ప్రమేయం

ఒక ప్రమేయం ఇచ్చిన ఫలితాన్ని మరొక ప్రమేయానికి అందిస్తే వచ్చేది సంయుక్త ప్రమేయం. వాన నుండి ప్రవాహం, ప్రవాహం నుండి పరిమాణం, పరిమాణం నుండి లోతు అనే మూడు మెట్లను కలిపితే ‘ఇంత వానకు కుంటలో ఇంత లోతు’ అన్న ఒకే ప్రమేయం లభిస్తుంది. ఒక హెక్టారు పరీవాహకం, కర్వ్ నంబర్ 80, ఖాళీ కుంట అనుకొంటే 25 మి.మీ. వానకు 0.84 మీ., 50 మి.మీ. వానకు 2.81 మీ. లోతు వస్తుంది. దాదాపు 53 మి.మీ. వానకు కుంట నిండుతుంది. అంతకు మించినది మరవ పారిపోతుంది.

ఈ సంయుక్త ప్రమేయపు రేఖాచిత్రంలో మూడు భాగాలు కనిపిస్తాయి. 12.7 మి.మీ. వరకు సున్న వద్ద సమతలం, 53 మి.మీ. వరకు ఎక్కుడు, ఆపైన 3 మీటర్ల వద్ద మళ్ళీ సమతలం. ముందు చెప్పిన 75 మి.మీ. ఒకే వానలో 309 ఘ.మీ. పారినా కుంటలో నిలిచేది 156 ఘ.మీ. మాత్రమే. ప్రవాహ ప్రమేయాన్ని ఒక్కదానినే చూచి ఆగితే ఈ పరిమితి కనిపించదు. చివరి మెట్టు వరకు పోయినప్పుడే సలహా పూర్తవుతుంది.

ఈ ప్రాంతపు పట్టు పరిశ్రమ కూడా సంయుక్త ప్రమేయమే. మల్బరీ ఆకు నుండి పట్టుగూళ్ళు, గూళ్ళ నుండి ముడి పట్టు, దాని నుండి ధర్మవరం మగ్గాలపై చీర తయారవుతాయి. ఒక కిలో ముడి పట్టుకు కావలసిన గూళ్ళ కిలోలను రెండిట్టా అంటారు. రెండిట్టా 8 అయితే 80 కిలోల గూళ్ళకు 10 కిలోల పట్టు వస్తుంది. అది 7కు తగ్గితే 11.4 కిలోలు వస్తుంది. హిందూపురం మార్కెట్టులో గూళ్ళ నాణ్యతకు ధర ఎందుకు మారుతుందో ఈ గొలుసులోని మధ్య మెట్టు తెలుపుతుంది.

వర్గ ప్రమేయం – ఎరువుల ప్రతిస్పందన

ఎరువుకు పైరు చూపే ప్రతిస్పందన సాధారణంగా కిందికి వంగిన వక్రం. రాగి పంటలో హెక్టారుకు వేసిన నత్రజని ‘న’ కిలోలు, దిగుబడి ‘ది’ కిలోలు అనుకొని, వివరణ కోసం ఈ ఊహాత్మక సమీకరణాన్ని తీసికొందాం.

ది = 1200 + 24 న − 0.2 న²

దీని రేఖాచిత్రం తలకిందులైన పరావలయం. శీర్షం 60 కిలోల వద్ద, అక్కడ దిగుబడి 1920 కిలోలు. మొదటి 20 కిలోల నత్రజని 400 కిలోల దిగుబడిని, రెండవ 20 కిలోలు 240, మూడవ 20 కిలోలు 80 కిలోలను మాత్రమే కలుపుతాయి. అందువల్ల ధరలను బట్టి లాభదాయకమైన మోతాదు శీర్షానికి ఎడమ పక్కనే ఉంటుంది.

ఇక్కడ కూడా సగటు మోసం చేస్తుంది, ఈసారి ఎదురు దిశలో. హెక్టారుకు సగటున 60 కిలోలు వేసినా, చల్లడంలో సగం పొలానికి 20, మిగిలిన సగానికి 100 కిలోలు పడితే రెండు భాగాలలోనూ దిగుబడి 1600 కిలోలే. సమానంగా వేస్తే రావలసినది 1920. వక్రం పైకి వంగితే హెచ్చుతగ్గులు ఫలితాన్ని పెంచుతాయి. కిందికి వంగితే తగ్గిస్తాయి. మోతాదుతో పాటు సమానంగా వేయడాన్ని కూడా చెప్పవలసిన కారణం ఇదే.

ప్రదేశం విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. ప్రయోగంలో మోతాదులు 0 నుండి 80 వరకు ఉంటే సమీకరణం అంతవరకే చెల్లుతుంది. 150 కిలోలను ప్రతిక్షేపిస్తే దిగుబడి 300 కిలోలని వస్తుంది. అది పైరు చెప్పిన మాట కాదు, సూత్రం చెప్పిన మాట. పైగా నీటి పారుదల కింద జరిగిన ప్రయోగపు వక్రాన్ని వర్షాధార పొలానికి వర్తింపజేయడం కూడా ప్రదేశాన్ని దాటడమే. వక్రపు రూపం ఎంపిక కూడా సిఫారసును మారుస్తుంది. లీబిగ్ కనిష్ఠ సూత్రాన్ని అనుసరించి పెరిగి, ఆపై సమతలమయ్యే రేఖను, 1909లో మిట్షర్లిష్ ప్రతిపాదించిన క్రమంగా సమతలానికి చేరే వక్రాన్ని, పైన చెప్పిన పరావలయాన్ని అవే దత్తాంశాలకు అమర్చితే మూడింటి నుండి మూడు అనుకూల మోతాదులు రావచ్చు. కాబట్టి సిఫారసుతో పాటు ఏ ప్రమేయాన్ని అమర్చినదీ పేర్కొనడం మంచి సంప్రదాయం.

ఘాతీయ ప్రమేయం – తేడాలా, నిష్పత్తులా?

కుంటలో నీరు తగ్గే తీరును వారం వారం కొలిచినప్పుడు రెండు రకాల వరుసలు రావచ్చు. లోతు 2.0, 1.9, 1.8, 1.7 మీటర్లుగా ఉంటే తేడాలు సమానం. ఇది సరళ ప్రమేయం. ఆవిరి మాత్రమే ప్రధాన నష్టమైనప్పుడు ఇంచుమించు ఇలా ఉంటుంది. లోతు 2.0, 1.6, 1.28, 1.02గా ఉంటే నిష్పత్తులు సమానం. ప్రతి వారం ముందున్న లోతులో 0.8 వంతు మిగులుతున్నది. ఇది ఘాతీయ ప్రమేయం. లోతు ఎక్కువైన కొలదీ ఊట నష్టం ఎక్కువైతే ఇటువంటి వరుస వస్తుంది. ఈ లెక్కన దాదాపు మూడు వారాలలో లోతు సగమవుతుంది. మొదటి వరుస గల కుంటకు నీడ, గాలి అడ్డు ఉపకరిస్తాయి. రెండవ దానికి అడుగున, పక్కలకు లైనింగు అవసరం. నాలుగు కొలతలు, రెండు తీసివేతలు, రెండు భాగహారాలతో ఈ ప్రాథమిక నిర్ధారణకు రావచ్చు.

రేఖాచిత్రం గీయడంలో జాగ్రత్తలు

అక్షాలపై రాశి పేరు, ప్రమాణం తప్పక రాయాలి. నిలువు అక్షాన్ని సున్న నుండి కాక మధ్య నుండి మొదలుపెడితే చిన్న తేడా పెద్దదిగా కనిపిస్తుంది. అటువంటప్పుడు ఆ విషయాన్ని స్పష్టంగా తెలపాలి. కొలిచిన బిందువులను, అమర్చిన వక్రాన్ని వేర్వేరుగా చూపాలి. వక్రాన్ని ప్రయోగపు ప్రదేశం దాటి పొడిగించరాదు.

బిందువులను గీతతో కలపడానికి ముందు, వాటి మధ్య విలువలకు అర్థం ఉన్నదా అని ప్రశ్నించుకోవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అని మూడు పేర్లను క్షితిజ అక్షంపై పెట్టి, వాటి వర్షపాతాలను గీతతో కలిపితే ఆ గీత మధ్య బిందువుకు అర్థం లేదు. అక్కడ విడి పట్టీలు సరిపోతాయి. ఇవే మూడు ఊళ్ళను బెంగళూరు – గుంతకల్లు రైలు మార్గంపై దూరాలుగా గుర్తించి, నేల ఎత్తును నిలువు అక్షంపై చూపితే గీత అర్థవంతమవుతుంది. రెండు ఊళ్ళ మధ్య ప్రతి దూరానికీ ఒక ఎత్తు ఉన్నది కనుక.

ముగింపు

ఏ సిఫారసునైనా పొలానికి చేర్చే ముందు విస్తరణ శాస్త్రవేత్త అయిదు ప్రశ్నలు వేసికోవచ్చు. స్వతంత్ర చరరాశి ఏది, మరచిన చరరాశులు ఏవి? ఈ సంబంధం ఏ ప్రదేశంలో కొలిచినది, ఈ పొలం అందులో ఉన్నదా? రేఖాచిత్రం సరళమా, పైకి వంగినదా, కిందికి వంగినదా? అక్కడ సగటును వాడవచ్చునా? ఈ ఫలితం తరువాతి మెట్టుకు చేరినప్పుడు ఏ పరిమితికి లోబడుతుంది?

వీటిలో దేనికీ కలనగణితం అవసరం లేదు. ఒక గ్రాఫు కాగితం, దినవారీ వర్షపు పట్టిక, కొలత కర్ర చాలు. వ్యవసాయ విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ శిక్షణ కాలంలో ఒక కుంటను ఎన్నుకొని, దాని లోతు–పరిమాణ రేఖాచిత్రాన్ని స్వయంగా గీచి, కర్రపై ఎకరాల గుర్తులు పెట్టి రైతుకు అప్పగించడం ఈ పాఠానికి తగిన అభ్యాసం. అప్పు చేసి కుంట తవ్విన రైతుకు ఊడలు దిగే వేళ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే : ఉన్న నీరు ఎన్ని ఎకరాలకు వస్తుంది? ఆ సమాధానం సరిగా ఉండాలంటే ప్రమేయం సరిగా ఉండాలి.